భవానీపూర్‌లో కూలి డబ్బుతో ఇల్లు కొనగలరా? పొదుపు లెక్కలు, ఠికా చట్టం, లోకల్ రైలు

కోల్‌కతా: దేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్లు నడిచింది. నాటి భవానీపూర్ స్టేషన్‌ను నేడు నేతాజీ భవన్ అని పిలుస్తున్నారు. ఆ స్టేషన్ మెట్లెక్కి బయటికి వస్తే ఒకవైపు న్యాయవాదుల పాత మేడలు, మరోవైపు గుజరాతీ, పంజాబీ, మార్వాడీ కుటుంబాల బహుళ అంతస్తుల భవనాలు, ఇంకొంచెం ముందుకు వెళితే జదుబాబు బజారు కనిపిస్తాయి. పడమర దిక్కున ఆదిగంగ కాలువ వైపు నడిచేకొద్దీ వీధులు సన్నబడి, పెంకుల కప్పులు, రేకుల కప్పులు మొదలవుతాయి. మమతా బెనర్జీ 2011లోనూ, 2021లోనూ ఉపఎన్నికల ద్వారా శాసనసభకు ఎన్నికైన నియోజకవర్గంగా దేశానికి సుపరిచితమైన ఈ ప్రాంతంలో ఇళ్లు తుడిచేవారు, దుకాణాల్లో బరువులు మోసేవారు, రాత్రి కాపలా కాసేవారు, వంట చేసేవారు వేల సంఖ్యలో పని చేస్తున్నారు. వారు తమ సంపాదనలో మిగిల్చిన డబ్బుతో తాము పని చేస్తున్న చోటనే ఇల్లు కొనగలరా అన్న ప్రశ్నకు అంకెలు ఇచ్చే సమాధానం ఒకటి, చట్టం ఇచ్చే సమాధానం మరొకటి.

అంకెలు చెప్పేది

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త కాపలాదారుగా నెలకు 15,000 రూపాయలు, భార్య మూడు నాలుగు ఇళ్లలో పని చేసి 10,000 రూపాయలు తెస్తున్నారు. కుటుంబ ఆదాయం 25,000. అసంఘటిత రంగంలో ఇది మరీ తక్కువ ఆదాయం కాదు. ఇద్దరికీ ప్రతినెలా పని దొరుకుతుందని, ఎవరూ జబ్బు పడరని కూడా ఇందులో అనుకుంటున్నాం.

ఇక ఇల్లు. 300 చదరపు అడుగుల ఒంటిగది ఫ్లాటు, చదరపు అడుగు 10,000 రూపాయలకు దొరికిందనుకుందాం. భవానీపూర్ వంటి చోట ఇది కొనుగోలుదారు పక్షాన ఉదారంగా వేసుకున్న లెక్క. పైగా అంత చిన్న ఫ్లాట్లు కట్టడానికి ఇక్కడి ప్రమోటర్లు (బిల్డరును కోల్‌కతాలో అలాగే అంటారు) సాధారణంగా ఇష్టపడరు. ఏమైనా ధర 30 లక్షలు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు గృహరుణంలో ఇంటి విలువలో 90 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంటే 3 లక్షలు కొనుగోలుదారు చేతి నుంచి పడాలి. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు 7 శాతం, మరో 2.10 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఇల్లయితే ఒక శాతం జీఎస్టీ అదనం. మహానగరాల్లో 60 చదరపు మీటర్ల లోపు విస్తీర్ణం, 45 లక్షల లోపు ధర ఉన్న ఇళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఈ తక్కువ రేటు అమలవుతోంది. జీఎస్టీని పక్కన పెట్టినా తాళం చేతికి రావడానికి ముందే 5.10 లక్షలు సిద్ధంగా ఉండాలి.

ఈ కుటుంబం నెలకు 2,000 రూపాయలు తపాలా కార్యాలయంలో రికరింగ్ డిపాజిట్ కడుతోందనుకుందాం. 6.7 శాతం వడ్డీతో ఐదేళ్లకు చేతికి వచ్చేది దాదాపు 1.43 లక్షలు. ఒక్క నెల కూడా తప్పకుండా ఇదే వడ్డీతో కొనసాగిస్తే 5.10 లక్షలు పోగవడానికి సుమారు 13 ఏళ్లు పడుతుంది. ఆ 13 ఏళ్లూ ఇంటి ధర ఆగి ఉండదు. ఏటా 5 శాతం పెరిగినా 30 లక్షల ఇల్లు 56 లక్షలు దాటుతుంది. ముందుగా కట్టవలసిన మొత్తం కూడా అదే దామాషాలో 9 లక్షలు దాటిపోతుంది. పొదుపు నడక, ధర పరుగు.

వాయిదాల సంగతి ఇంతకన్నా కఠినం. 27 లక్షల రుణాన్ని 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీర్చాలంటే నెలసరి వాయిదా సుమారు 23,430 రూపాయలు. 25,000 ఆదాయంలో మిగిలేది 1,570. ఆదాయంలో సగానికి మించి అప్పుకు పోకూడదన్న పరిమితి పెట్టుకుంటే (2022 ఏప్రిల్ నుంచి సూక్ష్మరుణాలకు రిజర్వు బ్యాంకు విధించిన పరిమితి కూడా ఇదే) ఈ కుటుంబం మోయగల వాయిదా 12,500. దానికి దొరికే రుణం సుమారు 14.4 లక్షలు, కొనగల ఇల్లు 16 లక్షలది. భవానీపూర్‌లో ఆ డబ్బుకు వచ్చేది 160 చదరపు అడుగులు: ఒక మంచం, ఒక పొయ్యి, వాటి మధ్య నిలబడే చోటు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశ 2024 సెప్టెంబరులో మొదలైంది. అందులోని వడ్డీ రాయితీ విభాగం ఏటా 9 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి వర్తిస్తుంది. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు మించకూడదు. రుణంలో తొలి 8 లక్షలపై 4 శాతం రాయితీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలను ఐదు వార్షిక విడతల్లో జమ చేస్తారు. పైన ఊహించిన కుటుంబానికి కావలసిన రుణం 27 లక్షలు కనుక పథకం గీత దాటిపోతుంది. గీత లోపలికి రావాలంటే చేతి నుంచి 3 లక్షలకు బదులు 5 లక్షలు పెట్టాలి. అప్పుడు కూడా వాయిదా 21,700 రూపాయలకు దగ్గరగానే ఉంటుంది.

దాచిన డబ్బు ఎక్కడ దాగింది?

తక్కువ జీతగాళ్లు పొదుపు చేయరన్న మాట తరచూ వినిపిస్తుంది. బెంగాల్ అనుభవం దానికి విరుద్ధం. తపాలా చిన్న మొత్తాల పొదుపులో ఈ రాష్ట్రం చాలాకాలంగా దేశంలో ముందు వరుసలో ఉంది. లోటు పొదుపు బుద్ధిలో లేదు, ఆ పొదుపుకు దొరికిన రక్షణలో ఉంది.

2013 ఏప్రిల్‌లో శారదా గ్రూపు కుప్పకూలినప్పుడు లక్షలాది చిన్న డిపాజిటర్ల డబ్బు చిక్కుకుపోయింది. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ శ్యామల్ సేన్ కమిషన్‌ను నియమించగా, 2014 మే నెలలో సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బెంగాలీ పత్రికలు ఇటువంటి సంస్థలన్నింటినీ ‘చిట్ ఫండ్’ అని రాయడం తెలుగు పాఠకునికి అయోమయం కలిగిస్తుంది. తెలుగు నేల మీద చిట్టీ అంటే సభ్యులు వంతులవారీగా పాడుకొనే, 1982 నాటి చట్టం కింద నమోదైన వ్యవహారం. శారదా అటువంటిది కాదు. కొత్త డిపాజిట్లతో పాత డిపాజిట్లు తీర్చే గొలుసు. పేరు ఒకటే కావడం వల్ల చట్టబద్ధమైన చిట్టీ కూడా బెంగాల్‌లో అపకీర్తి మోయవలసి వచ్చింది.

సంఘటిత రంగంలో ఉన్నవారికి భవిష్యనిధి అండ ఉంటుంది. ఇల్లు కొనడానికి అందులోంచి కొంత తీసుకొనే వీలుంది. ఇంటిపని, దుకాణపు కూలి చేసేవారికి అది లేదు. వారికోసం పశ్చిమ బెంగాల్ 2001లోనే అసంఘటిత కార్మికుల భవిష్యనిధి పథకం తెచ్చింది. అటువంటి ఆలోచనలో ఈ రాష్ట్రం ముందున్న మాట నిజం. కార్మికుడు 25 రూపాయలు, ప్రభుత్వం 30 రూపాయలు నెలనెలా జమ చేసేలా సాగిన ఈ పథకంలో 2020 ఏప్రిల్ నుంచి మొత్తం 55 రూపాయలనూ ప్రభుత్వమే భరిస్తోంది. ఏడాదికి 660 రూపాయలు. నలభై ఏళ్లకు వడ్డీ కాకుండా 26,400. ముసలితనానికి ఆసరాగా దీనికి విలువ ఉంది, ఇంటి విషయంలో మాత్రం రిజిస్ట్రేషన్ రుసుముకు కూడా ఇది చాలదు.

ఠికా: కొనకుండా ఉన్న ఇల్లు

ఇంతవరకు వేసిన లెక్క ప్రకారం భవానీపూర్‌లో తక్కువ జీతగాళ్లెవరూ నివసించకూడదు. కానీ నివసిస్తున్నారు. 2011 జనగణన ప్రకారం కోల్‌కతా నగరపాలక పరిధిలోని 44.97 లక్షల జనాభాలో సుమారు 14.1 లక్షల మంది, అంటే ముగ్గురిలో దాదాపు ఒకరు, మురికివాడలుగా నమోదైన చోట్ల ఉన్నారు. ఆ నివాసంలో పెద్ద భాగం వెనక సంతలో కొనుగోలు లేదు, ‘ఠికా’ అనే ఒక కౌలు హక్కు ఉంది.

హైదరాబాదులో బస్తీ అంటే పేట. కోల్‌కతా నగరపాలక చట్టంలో బస్తీకి కొలత ఉంది: కనీసం 700 చదరపు మీటర్ల భూమి మీద గుడిసెలు, తాత్కాలిక కట్టడాలు గుంపుగా ఉన్న జాగా. దాని నిర్మాణం మూడంచెలది. అడుగున భూస్వామి. అతని వద్ద నేలను అద్దెకు తీసుకొని దానిపై పాకలు వేసినవాడు ఠికా అద్దెదారు. ఆ పాకలోని గదిలో నెల అద్దెకు ఉండేవాడు ‘భాడాటియా’. నేల ఒకరిది, గోడ ఒకరిది, కాపురం మరొకరిది.

‘ఠికా’ అన్న మాటకు బెంగాలీలో గుత్త, తాత్కాలిక ఏర్పాటు అని అర్థం. పూటపూటకూ వచ్చిపోయే పనిమనిషిని అనడానికి వాడుకలో ఉన్న ‘ఠికే’ అన్న విశేషణం కూడా ఇదే మాటకు మారు రూపం. నగరం వారి శ్రమకూ, వారి నేలకూ ఒకే పేరు పెట్టింది.

ఈ తాత్కాలికాన్ని చట్టం క్రమంగా శాశ్వతం వైపు నెట్టింది. 1949లో వచ్చిన కలకత్తా ఠికా కౌలు చట్టం ఇష్టానుసారం ఖాళీ చేయించకుండా అడ్డుకట్ట వేసింది. నగర ప్రణాళికా సంస్థ 1966లో ఇచ్చిన మౌలిక అభివృద్ధి ప్రణాళిక, బస్తీలను ఊడ్చివేయడం నగరానికి అలవి కాదని గుర్తించి, ఉన్నచోటనే బాగుచేయాలని సూచించింది. 1970లో ఏర్పడిన సీఎండీఏ ఆ దారిలో కుళాయిలు, మరుగుదొడ్లు, రాతి సందులు, వీధిదీపాలు ఏర్పాటు చేసింది. అసలు మలుపు 1981 చట్టం. ఠికా భూముల్లో భూస్వాముల హక్కు ప్రభుత్వానికి సంక్రమించి, ఠికా అద్దెదారు నేరుగా రాష్ట్రానికి అద్దెదారు అయ్యాడు. 2001లో చేసిన కొత్త చట్టం 2003 నుంచి అమలులోకి వచ్చింది.

భవానీపూర్, కాళీఘాట్ వంటి ఖరీదైన ప్రాంతాల నడుమ పేదవాడి ఇల్లు ఇంకా నిలిచి ఉండడానికి పొదుపు కంటే ఈ చట్టాల వరుసే పెద్ద కారణం. కానీ దానికి ఒక మెలిక ఉంది. ఠికా హక్కు వారసులకు సంక్రమిస్తుంది. వారసులు, ఉమ్మడి వాటాదారుల మధ్య చేతులు మారవచ్చు. బయటివారికి అమ్మడం కుదరదు. అమ్మడానికి వీల్లేని దానిని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకు ముందుకు రాదు. తాకట్టు లేనిదే గృహరుణం లేదు. అమ్మకం లేదు కనుక ప్రమోటరు నుంచి రక్షణ దొరికింది. అదే కారణం చేత ఇల్లు బాగుచేసుకొనే పెట్టుబడి దొరకలేదు. ఒకే నిబంధన గొడుగుగానూ, గోడగానూ పని చేసింది.

2019లో చేసిన సవరణ ఈ ముడిని విప్పే ప్రయత్నం. ఠికా అద్దెదారు లీజుదారుగా మారి, నగరపాలక సంస్థ ప్లాను మంజూరుతో పక్కా భవనం కట్టుకొనే దారి అది తెరిచింది. లీజు పత్రం చేతికి వస్తే బ్యాంకుతో మాట్లాడటం తేలికవుతుంది. ప్రమోటరు వచ్చి తలుపు తట్టడం కూడా అంతే తేలికవుతుంది. పాక స్థానంలో అయిదంతస్తులు లేచినప్పుడు ఠికా అద్దెదారుకు ఫ్లాటు రావచ్చు. మూడో అంచెలో ఉన్న భాడాటియా భవిష్యత్తు అతని చేతిలోని అద్దె రసీదుల మీద, బేరం చేసే బలం మీద ఆధారపడుతుంది. తరతరాలుగా ఒకే గదిలో ఉన్నా, చేతిలో కాగితం లేనివారు ఈ మార్పులో అందరికంటే బలహీనులు. బస్తీలో అందరినీ ఒకే పేదవర్గంగా చూసే అలవాటు ఈ తేడాను కప్పిపుచ్చుతోంది.

పాత మేడల్లో అద్దెకున్నవారి కథ కొంత వేరు. అద్దె నియంత్రణ చట్టాల నీడలో తక్కువ అద్దెతో కొనసాగే ఆ కుటుంబాలు చాలాచోట్ల ప్రవేశానికి ‘సలామీ’ పేరిట ఒక మొత్తం ముట్టజెప్పినవే. అది కొనుగోలు కాదు, అద్దె మాత్రమే కూడా కాదు. హైదరాబాదు పాత బజార్లలో ‘పగిడీ’ ఇచ్చి దుకాణం తీసుకొన్నవారికి ఈ మధ్యస్థితి తెలిసే ఉంటుంది.

ఇల్లు ఉన్న చోటు, పని ఉన్న చోటు

సొంత ఇల్లు ఉన్న తక్కువ జీతగాళ్లు భవానీపూర్‌లో చాలామంది పని చేస్తున్నారు. ఆ ఇళ్లు భవానీపూర్‌లో లేవు. కేనింగ్, లక్ష్మీకాంతపూర్, డైమండ్ హార్బర్ వైపు నుంచి సియాల్దా దక్షిణ శాఖ లోకల్ రైళ్లు తెల్లవారకముందే బయలుదేరి జాదవ్‌పూర్, ఢాకురియా, బాలీగంజ్ స్టేషన్లలో ఇంటిపని చేసే స్త్రీలను దింపుతాయి. అక్కడి నుంచి ఆటోలో, బస్సులో లేదా నడిచి దక్షిణ కోల్‌కతా వంటిళ్లకు చేరుతారు. వారి ఇల్లు పుట్టింటి, అత్తింటి నేల మీద విడతలవారీగా కట్టినది: ఒక ఏడు ఇటుక, మరో ఏడు రేకు, పిల్ల పెళ్లి ముందు సున్నం. బ్యాంకు లెక్కలో ఇది గృహరుణం కాదు. సూక్ష్మరుణం, వడ్డీవ్యాపారి అప్పు, పండుగ బోనసు కలిసిన గోడ.

ఈ ఏర్పాటులో రైలు టికెట్టు ధర ఇంటి ధరలో భాగం. మమతా బెనర్జీ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు 2009లో నెలకు 1,500 రూపాయల లోపు ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికులకు 100 కిలోమీటర్ల వరకు 25 రూపాయల ‘ఇజ్జత్’ నెలవారీ టికెట్టు ప్రవేశపెట్టారు. దానిని రవాణా రాయితీగానే లెక్కించారు. నిజానికి అది గృహవసతి రాయితీ కూడా: నగరంలో గది అద్దెకు తీసుకోకుండా ఊళ్లో సొంత గోడ నిలుపుకొనేందుకు పనికి వచ్చింది. దీనికి మరో మూల్యం ఉంది. రోజుకు మూడు నాలుగు గంటలు ప్రయాణంలో గడిపే స్త్రీ నాలుగో ఇంటి పని ఒప్పుకోలేదు. రైలు ఆగిపోతే ఆ రోజు కూలి పోతుంది. 2020లో లాక్‌డౌన్ కారణంగా లోకల్ రైళ్లు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు సొంత ఇల్లు ఉన్నవారే పని పోగొట్టుకున్నారు.

నేల ఖరీదు తీసేస్తే

రాష్ట్ర ప్రభుత్వం ‘నిజశ్రీ’ పేరిట ప్రకటించిన పథకం ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెడుతోంది. నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి ఒక పడకగది ఫ్లాటును సుమారు 7.28 లక్షలకు, 30,000 లోపు ఉన్నవారికి రెండు పడకగదుల ఫ్లాటును సుమారు 9.26 లక్షలకు ఇవ్వడం దాని ఉద్దేశం. భూమి ప్రభుత్వానిది కావడమే ఈ ధరకు మూలం. 7.28 లక్షల్లో 90 శాతం రుణంగా తీసుకుంటే పై వడ్డీరేటుకే వాయిదా 5,700 రూపాయల లోపు. మనం ఊహించుకున్న కుటుంబం దాన్ని కట్టగలదు. నెలకు 2,000 రూపాయల పొదుపుతో ముందుగా చెల్లించవలసిన మొత్తం నాలుగైదేళ్లలో సమకూరుతుంది. అంటే కూలి డబ్బు గోడలను కొనగలదు, నేలను కొనలేదు. ఆ నేల భవానీపూర్‌లో ప్రభుత్వం వద్ద ఖాళీగా లేదు. ఉన్నది ఠికా భూమి, దానిపై ఇప్పటికే మనుషులున్నారు.

తెలుగు రాష్ట్రాలు ఇదే చిక్కును మరో వైపు నుంచి ఎదుర్కొన్నాయి. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ల సముదాయాన్ని 2023 జూన్‌లో ప్రారంభించి లబ్ధిదారులకు ఉచితంగా కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో 300 చదరపు అడుగుల ఇళ్లను పేదలకు ఒక్క రూపాయికి రిజిస్టరు చేశారు. రెండుచోట్లా పొదుపు ప్రశ్న తప్పింది, దూరం ప్రశ్న మిగిలింది. హైదరాబాదు నడిబొడ్డున పని చేసే మనిషికి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి ఫ్లాటు, బాలీగంజ్‌లో పని చేసే స్త్రీకి కేనింగ్ ఇల్లు ఒకే లెక్కకు వస్తాయి. కోల్‌కతా ఠికా విధానం ఇందుకు తలకిందులు: చోటు దగ్గరగా ఉంది, పత్రం దూరంగా ఉంది.

కొనేవారు చూడవలసినవి

ఇన్ని అడ్డంకుల నడుమ కూడా సోనార్‌పూర్, బారుయిపూర్ వైపు చిన్న ఫ్లాటుకు బయానా ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి. స్థిరాస్తి నియంత్రణకు పశ్చిమ బెంగాల్ చేసిన సొంత చట్టాన్ని సుప్రీంకోర్టు 2021 మే 4న కొట్టివేసింది. అప్పటి నుంచి ఇక్కడ కూడా 2016 నాటి కేంద్ర రెరా చట్టమే అమలులో ఉంది. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గాని, ఎనిమిది ఫ్లాట్లు మించకుండా గాని కట్టే భవనాలకు కేంద్ర చట్టం నమోదు మినహాయింపు ఇచ్చింది. ఆ పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది. కోల్‌కతా కొలతలో 500 చదరపు మీటర్లంటే సుమారు ఏడున్నర కఠాలు. సందుల్లో చిన్న ప్రమోటర్లు కట్టే భవనాలు తరచూ ఇంతకంటే తక్కువ స్థలంలోవే. కనుక నమోదు సంఖ్య అడగడం, లేదంటే ఎందుకు లేదో రాతపూర్వకంగా తీసుకోవడం బయానాకు ముందే జరగాలి. భూమి ఠికా రికార్డుల్లో ఉందా అన్నది ఠికా కంట్రోలరు కార్యాలయంలో, మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో నగరపాలక లేదా పురపాలక సంస్థలో విచారించవచ్చు. ప్లానుకు మించి వేసిన పై అంతస్తులోని ఫ్లాటు తక్కువ ధరకు దొరుకుతుంది, దానిపై బ్యాంకు రుణం దొరకదు. చేతిలో ఉన్న నగదంతా పెట్టి అటువంటి ఫ్లాటు కొనేది ఎక్కువగా రుణానికి అర్హత లేని కుటుంబాలే.